వత్తు వచ్చేదాకా

చిత్తూరు బెల్లం మండీలో
కాటా పక్కన రేకుల గది.
ఫ్యాను తిరిగితే బెల్లం వాసన, ఆగితే ఈగలు.
కంప్యూటర్ ముందర ధనకోటి.

ముప్పైరెండేండ్లు మూటలు మోసినాడు.
నడుము పట్టేసినాక ఇక్కడ కూచోబెట్టినారు.
వేళ్ళకింకా ఆ సంగతి తెలీదు.
సున్నా నొక్కమంటే
బస్తా దించినట్టు దించుతాడు,
ఒక పట్టాన ఎత్తడు.

నేను తిరుపతిలో కూచుని రాసిన పేజీ అది.
కాలిన పెనాన్ని తాకినట్టు
మీటను తాకి లేచే వేళ్ళు నావి.
మీట కిందికి పోతే ఒక కబురు,
పైకి లేస్తే ఇంకో కబురు,
మధ్యలో ఏమీ లేదనుకున్నా.

మధ్యలో ధనకోటి వేలుంది.
దాని కింద అదే కబురు
మళ్ళీ మళ్ళీ మళ్ళీ మళ్ళీ.
నలభై కిలోల బెల్లం
నాలుగు లక్షలై కూచుంది రసీదులో.
"మీ మిషనుకు నత్తుందేమో సూడుమ్మా"
అన్నాడు.

నవ్వుకున్నా.
పట్టి ఉంచిన మీటకు మొదటి దెబ్బే లెక్క,
తక్కినవి విననట్టు ఊరుకోమని
ఒక్క వరుస రాసి బస్సెక్కినా.

గురువారం ఫోను.
ఐరాల గంగుళప్ప డబ్బు
ఎవరో గంగులు ఖాతాలో పడింది.
గంగులు ఫోనెత్తడం లేదు.

మళ్ళీ బస్సు. పూతలపట్టు దాకా నిలబడే.
ఈసారి స్టూలు లాక్కొని
ఆయన పేరు రాస్తుంటే పక్కన కూచుని చూసినా.
ఇంగ్లీషు మీటల మీద తెలుగు.
కింద గీతతో ఊగుతా ఉండాయి అక్షరాలు
ఇంకా అచ్చులో పొయ్యని పాకంలాగా.
గ, సున్నా, గు...
నాలుగు మాటల్లో ఒకటి ఏరుకోడానికి
ఎంటర్ కొట్టినాడు.
నా స్క్రిప్టు 'పంపెయ్' అనుకుంది.
సగం పేరుకు
మొదట దొరికిన మనిషిని అంటించింది.

పరీక్షకు నేను కొట్టేది
ఏ ఎస్ డీ ఎఫ్.
ఆ పేరుతో ఏ రైతూ బెల్లం తేడు.
నా పేరు రెడ్డెమ్మ.
ఇంత చిన్న పేరులో రెండు వత్తులు.
నా పేజీలో నా పేరు
ఒక్కసారి కూడా రాసి చూడలేదు నేను.

చెప్పినా ఆయనకు, తప్పు నాదని.
ధనకోటి ఈగను తోలి అన్నాడు:
"మూట వీపుకెత్తేటప్పుడు
మోసేవాడు 'ఊఁ' అనాల.
అంతదాకా ఎత్తేవాడు చెయ్యి తియ్యగూడదు.
తీస్తే మెడ పోతుంది."

రాసినా.
అక్షరం కూడుకుంటా ఉంటే ఎంటర్‌ను పట్టించుకోవద్దు.
కూడుకోవడం అయిపోయిందన్న కబురు వచ్చేదాకా
పేరును ముట్టుకోవద్దు.
మూడు వరుసలు. మూడు గంటలు పట్టింది.

గుమ్మంలో గంగుళప్ప,
తువ్వాలు భుజం మార్చుకుంటా.
అతని డబ్బు ఇంకా రాలేదు.
"మళ్ళా రాయన్నా నా పేరు, చూస్తా" అన్నాడు.

ధనకోటి వంగినాడు.
గంగుళ వచ్చింది.
ప వచ్చింది.
పేజీ కదల్లేదు.
వేలు ఇంకా లేవలేదు.