ఎదురు ముడి

సొహార్‌లో బుధవారం సాయంత్రాలు
నా చేతులకు కోడితోలు వాసన.
పొద్దున్నే సూక్‌కు పోయి
తోలు ఒలవని తొడలు ఇరవై తెస్తాడు
మెట్‌పల్లి పోశెట్టి.
"దావత్ ఉన్నదా?" అని ప్రతివారం అడుగుతాడట కొట్టువాడు.
"ఉన్నది, డాక్టర్లకు" అంటాడట ఇతను.

పచ్చగుడ్డల మీద స్టీలు పళ్లేలు.
ఒక్కో తొడకు ఒక్కో గాటు.
సూది నిలువుగా దిగాలి అంటాను,
అంచుకు అర సెంటీమీటరు ఇవతల.
మణికట్టు తిప్పండి, నెట్టకండి,
సూది వంపే సూదికి దారి.
పదహారు తలలు వంగుతాయి.
ఏసీ కిందే ఖల్ఫాన్ నుదుటికి చెమట.
ఎవరిదో దారం పుటుక్కుమంటుంది.

మూడో బల్ల దగ్గర షమ్సా.
రాసేది కుడిచేత్తో,
ఖర్జూరం అందుకునేది కుడిచేత్తో.
కానీ దారం చిక్కుపడ్డ ప్రతిసారీ
నీడిల్ హోల్డర్ ఆమెకు తెలియకుండానే
ఎడమచేతిలోకి వెళ్లిపోతుంది,
ఇల్లు తెలిసిన పిల్లిలా.
నేను చూడగానే
దొంగసొత్తులా వెనక్కి మారుస్తుంది.

ఆ మార్చడం నాకు తెలుసు.

ప్రొద్దుటూరులో మా జేజి
పాతచీర పీలికతో నా పుర్రచేతిని
నడుముకు కట్టి అన్నం పెట్టేది.
"ఆ చేత్తో వడ్డిస్తే
ఎవరు తింటారే నీ ఇంట్లో?"
బలపం ఎడమకు మారితే
కణుపుల మీద అయ్యవారి స్కేలు.
ఆ తర్వాత ముప్పయ్యొక్క ఏళ్లు
కుడిచేత్తోనే కోశాను, కుట్టాను:
పేగులు, పిత్తాశయాలు, ఒకసారి
లంగరుతాడు తెగి కొట్టిన జాలరి తొడ.
ఎడమచేయి ఫోర్సెప్స్ పట్టుకుని
పక్కనే నిలబడింది,
దొర ముందు గుమాస్తాలా.

"షమ్సా, నా పక్కన కాదు. ఎదురుగా కూర్చో."
"ఎందుకు డాక్టర్?"
"అద్దంలో చూసినట్టు చెయ్యి.
నా కుడి, నీకు ఎడమ."

ఆమె ముందు తలుపు వైపు చూసింది.
తర్వాత తన చేతి వైపు.

ఆ హోల్డర్ చేసినవాడెవడో
ఎడమచేతిని లెక్కలోకి తీసుకోలేదు.
కుడి బొటనవేలు నెడితే టిక్‌మని విడిపోయేది
ఎడమచేతిలో మొండికేస్తుంది.
"నెట్టకు, లోపలికి లాగు" అన్నాను.
ఎక్కడో చదివిన మాట.
చేసి ఎరగను.

మొదటి రెండు కుట్లూ వంకర.
మూడోదానికి తోలు చిరిగింది.
నాలుగోదానికి ఆమె భుజాలు కిందికి దిగాయి,
ఎన్నేళ్ల నుంచి ఎత్తి పట్టుకుందో.

ముడి సంగతి మాత్రం ఏ చేతికైనా ఒకటే.
ఒకటి కుడికి పోతే రెండోది ఎడమకు పోవాలి.
రెండూ ఒకే వైపు వేస్తే
ముడిలాగే కనిపిస్తుంది, రాత్రికి జారుతుంది.
వెయ్యిసార్లు చెప్పిన మాట.
ఈసారి మధ్యలో ఆగిపోయాను.
"డాక్టర్?"
"ఏం లేదు. వెయ్యి."

అందరూ పోయాక ఒక తొడ మిగిలింది.
కొత్త గ్లౌజులు తొడుక్కుని
హోల్డర్ ఎడమచేతిలోకి తీసుకున్నాను.
యాభై ఎనిమిదేళ్ల చేయి
ఎక్కడ కూర్చోవాలో తెలియని
మొదటిరోజు బడిపిల్ల.
సూది పక్కకు పోయింది. మళ్లీ పోయింది.

ఫోన్ మరిచి తిరిగొచ్చిన షమ్సా
గుమ్మంలో నిలబడి ఎంతసేపు చూసిందో.
నవ్వలేదు.
దగ్గరికొచ్చి, అచ్చం నా గొంతుతో,
"నెట్టకండి డాక్టర్, లోపలికి లాగండి" అంది.

టిక్.

"తొమ్మిదింటికి ఏసీ బంద్ జేస్తరు మేడం"
పోశెట్టి బకెట్ పట్టుకొచ్చాడు.
తొడలన్నీ అందులోకి ఒంపుతూ
నాదొక్కటి పైకెత్తి
లైటు కింద అటూ ఇటూ తిప్పాడు.
"గిదెవలు కుట్టిన్రు? కొత్త పిల్లనా?"

"ఆఁ" అన్నాను.
"ఇవాళే చేరింది."