పన్నెండో నంబరు

లాలాగూడ రైల్వే క్వార్టర్స్ వెనక వీధిలో
పాల బండికన్నా ముందు మేలుకునేవి మా నాన్న మోకాళ్ళు.
రెండుసార్లు పటక్కుమంటే ప్రార్థనకు వంగినట్టు.
మళ్ళీ రెండుసార్లంటే గ్రౌండుకి లేచినట్టు.
ఆ మధ్య ఎంతసేపని అడిగితే
మా అమ్మ సుగుణమణి లెక్క ఒకటే:
"కుక్కరు మూడు విజిళ్ళు. మీ నాయిన మెడలోది నాలుగోది."

ఆ విజిల్ ఆదివారం కూడా తియ్యడం మర్చిపోయేవాడు.
తెల్లచొక్కా లోపల గుండెకి ఆని ఉండేది,
తల వంచినప్పుడల్లా ముందు బల్లకి కొట్టుకునేది.
సంఘపెద్దగా రొట్టె పళ్ళెం పట్టుకుంటే
గోళ్ళ సందుల్లో శనివారం గీసిన గీతల సున్నం.
పాస్టరమ్మ చూసీ చూడనట్టు ఊరుకునేది.

సర్కారు బడి. గుంతల గ్రౌండు.
రెండు కర్ర స్తంభాలు, వాటి మధ్య ఖోఖో.
యోబు సారంటే మెట్టుగూడ దాకా భయమే గానీ
రంజాను నెలలో సలీం ఎదుట
గుక్కెడు నీళ్ళు తాగగా ఎవరూ చూడలేదు.
"వాని నాలిక ఎండుతుంటే నా గొంతుల దిగుతయా?"
అనేవాడు, పగిలిన పెదాలతో.

జీతం రోజు మూడు కవర్లు.
ఒకటి మందిరానికి.
ఒకటి ఎవరి బూట్లకో, ఎవరి ఎక్స్‌రేకో.
మూడోదాని గురించి అమ్మ ఏమీ అనేది కాదు,
తిరగేసి ఒకసారి దులిపేది, అంతే.
పాత కర్టెన్ కత్తిరించి జెర్సీల మీద నంబర్లు కుట్టిందీ ఆమే.
పన్నెండు నాది.
మూడేళ్ళలో ఉతకాల్సిన పని పడని చొక్కా అదొక్కటే.

ఆడేది తొమ్మిదిమంది.
వెనక నుంచి ఒక అరచెయ్యి వీపు మీద పడాలి,
"ఖో" అని వినపడాలి,
అప్పటిదాకా లేవకూడదు.
నేను ఆ వరుసలో కూడా లేను,
గీత బయట, బెంచీ మీద, సంచులకు కాపలా.
జింఖానాలో జిల్లా ఫైనల్ నాడు
యాదగిరి మడమ మెలిక పడింది.
నాన్న బెంచీ వైపు తిరిగాడు.
నేను సగం లేచే ఉన్నాను.
ఆయన చెయ్యి నా పక్కనున్న నర్సింగు భుజం మీద పడింది.

గెలిచాం.
ఇంటికొచ్చి అన్నం తిన్నాను.
చెల్లి హెప్సిబా తన గుడ్డులో సగం నా కంచంలోకి నెట్టింది.
ఇరవై రెండేళ్ళు ఆ మాట ఎవరం ఎత్తలేదు.

మొన్నటి వానకి అలమారు చెమ్మెక్కితే
కాగితాలు ఎండబెడుతున్నాను.
ఒక హాజరు పట్టీ దొరికింది. బడిదనుకున్నాను.
తారీఖుల గళ్ళలో తెల్లవారుజాముకొక చుక్క.
పేర్లకెదురుగా ఆయన పొట్టి అక్షరాలు:
సలీం, అక్క నిఖా అప్పు.
యాదగిరి, మడమ.
నర్సింగు, తండ్రి తాగుడు. ఒక్కసారైనా వీణ్ణి ఎవరో ఒకరు పిలవాలి.
సుగుణ, చెప్పులు. అడగదు.
పన్నెండో వరుసలో నేను:
"తీతు. బెంచీ మీద కూర్చుని ఏడవడు ప్రభువా. నాకదే భయం."
గడిగడికీ చుక్క.
ఒక్క గైర్హాజరూ లేదు.

ఇవాళ ఆదివారం. మొదటి గంట అయిపోయింది.
ఆయన ఇంకా మంచం పక్కన వంగే ఉన్నాడు,
వీపు నా వైపు.
చొక్కాలోంచి వెన్నుపూసలు లెక్కపెట్టొచ్చు.
దగ్గరికెళ్ళి అరచెయ్యి ఆనించాను.
"ఖో" అన్నాను,
నాకే వినపడనంత మెల్లగా.

మోకాళ్ళు రెండుసార్లు పటక్కుమన్నాయి.
లేచాడు. వెనక్కి చూడలేదు, ఆటలో చూడకూడదు.
బూట్ల కోసం గుమ్మం దాకా తడుముకుంటూ వెళ్ళాడు.

ఖో ఇచ్చినవాడు ఆ చోట కూర్చోవాలి. అది రూలు.
చాప ఇంకా వెచ్చగా ఉంది.