చింతగింజ

చీమకుర్తిలో మూతబడ్డ పాలిష్ షెడ్డు మాది.
రాయి కోసే రంపాలు ఎప్పుడో అమ్మేశారు,
రాతిపొడి మాత్రం ఎవరూ కొనలేదు.
పొద్దున్నే తలుపు తీస్తే
నిన్నటి పాదాలన్నీ నేల మీద తెల్లగా ఉంటాయి.
తుపాకుల బీరువా తాళం నా నడుముకే ఉంటుంది.
ముందు నేను పాదాలు చదువుతాను,
ఎవరు మడమ మీద నిలబడ్డారో, ఎవరు భయంగా వేళ్ళ మీదో.

మొన్న మాలకొండయ్య కొడుకుని బండి మీద తెచ్చాడు.
క్వారీలో క్రేను నడిపే మనిషి, మాటా బరువే.
"ఏడేళ్ళు మేడమ్, ఏడాది తిరక్కుండా మెడల్ కొట్టాల."
గోనెపట్టాలోంచి కొత్త ఎయిర్ రైఫిల్ తీశాడు,
పిల్లాడి కంటే జానెడే తక్కువ.

నేను లోహిత్ చెయ్యి చాపించి
వేళ్ళ వెనక ఒక చింతగింజ పెట్టాను.
"ఇది పడకుండా ఇరవై దాకా లెక్కపెట్టు నాయనా."
ఏడుకి పడింది.
"ఏడేళ్ళకి ఏడు, లెక్క సరిపోయింది" అన్నాను.
మాలకొండయ్య నవ్వలేదు.

ఏడేళ్ళ కన్ను నల్లచుక్క మీద నిలవదయ్యా,
రేకు మీద బల్లిని చూస్తుంది,
పక్కవాడి కొత్త చెప్పుల్ని చూస్తుంది.
అది తప్పు కాదు, ఆ వయసు పనే అది.
వాడితో నేను ఆడేది ఒక్కటే ఆట:
నేను "ఆగు" అంటే
గాల్లో లేచిన కాలు గాల్లోనే ఆగాలి.

ఎస్తేరుకి తొమ్మిది. రైఫిలు స్టాండు మోస్తుంది,
ఆమె వేలు మాత్రం పనిచేస్తుంది, నోరు ఇంకా ఎక్కువ.
"ఖాళీదైనా మనిషి వైపు ఎందుకు తిప్పకూడదు?"
"ఖాళీ అని నీకెవరు చెప్పారు?"
"నేనే చూశాను."
"మళ్ళీ చూడు."
మళ్ళీ చూస్తుంది. రోజూ ఇదే మాట, రోజూ కొత్తగా.

పెంచల్ నిరుడు పదికి తొమ్మిది కొట్టేవాడు,
ఈ వేసవిలో ఆరు.
నీళ్ళ డ్రమ్ము వెనక కూర్చుని ముక్కు చీదుతుంటే
ద్వారబంధం మీద పెన్సిలు గీతలు చూపించాను:
"నీ చెయ్యి అంగుళంన్నర సాగిందిరా,
ఆ ఉత్తరం నీ మెదడుకి ఇంకా అందలేదు."
రెండు మరలు వదులు చేసి
రైఫిలు మడమ వెనక్కి జరిపాను.
కొలత మారాల్సింది దానిది, వాడిది కాదు.

పదమూడేళ్ళప్పుడు, కావలిలో క్యాంపు.
నా ఎత్తు చూశారు, వయసు అడగలేదు,
పెద్దవాళ్ళ త్రీనాట్ త్రీ చేతికిచ్చారు.
గుండు బోర్డుకి తగిలింది, అందరూ చప్పట్లు కొట్టారు.
భుజం మీద నేరేడుపండు రంగు.
అమ్మ పసుపు రాస్తూ ఏమీ అనలేదు.
ఆ తరవాత నాలుగేళ్ళు
ట్రిగ్గర్ నొక్కే ముందు నేను కళ్ళు మూసుకున్నాను.
మార్కులు వస్తున్నాయి కదా, ఎవరూ నా కళ్ళు చూడలేదు.

అందుకే పిలకాయలు గురి పెట్టేటప్పుడు
నేను బోర్డు వైపు నిలబడను,
వాళ్ళ రెప్పల వైపు నిలబడతాను.
మధ్యాహ్నం క్వారీలో పేలుడు పెట్టినప్పుడు
షెడ్డు రేకులు ఝల్లుమంటాయి.
ఎవరు ఉలిక్కిపడ్డారో, ఎవరు ఉలిక్కిపడనట్టు నటించారో
నోటుబుక్కులో రాసుకుంటాను.
స్కోర్లు వెనక పేజీల్లో.

కొత్త రైఫిలు మా బీరువాలో ఉంది,
లోహిత్ పేరు రాసిన చీటీ కట్టి.
వాడు చొక్కా జేబులో గింజ వేసుకుని వస్తున్నాడు,
పధ్నాలుగు దాకా వచ్చాడు,
ఒకరోజు ఈగ వాలి మళ్ళీ మూడుకి జారాడు.

నిన్న సాయంత్రం మాలకొండయ్య
బండి స్టాండు వేసి, దిగకుండానే,
కొడుకు వినకుండా గొంతు తగ్గించి అన్నాడు:
"రాత్రి ఇంట్లో నేనూ పెట్టుకుని చూశా మేడమ్.
నాది పదకొండుకే పడింది."