ఆమె వీపు

మారెన్ హాపలా ముఖం మీ అందరికీ తెలుసు.
బస్సుల మీద, బూట్ల దుకాణాల అద్దాల మీద
మూడేళ్లు నవ్విందది.
నాకు తెలిసింది ఆమె వీపు.

కుడి భుజం మీద, చొక్కా అంచు దగ్గర
చెమట పట్టాకే పైకి తేలే పుట్టుమచ్చ.
ట్రాక్ ఎటు వంగినా
జడ ఎడమవైపుకే ఊగేది.
మడమలు నేలని తాకీ తాకకుండా,
అప్పు అడగడానికి వచ్చి
గుమ్మంలోంచే వెళ్లిపోయే మనిషిలా.

మొదటిసారి విస్కాన్సిన్‌లో, అక్టోబరులో,
మొక్కజొన్న కోసేసిన చేను పక్కన కాలేజీల క్రాస్‌కంట్రీ.
రాత్రంతా వాన. ఒక్కో బూటుకీ శేరు బురద.
ఇద్దరికీ పద్దెనిమిదేళ్లు.
రెండో మైలు దాకా పక్కనే ఉన్నాను,
ఒట్టేసి చెప్తాను, పక్కనే.
తర్వాత కొండ వచ్చింది.
ఆ దిబ్బని కొండ అనడం అక్కడివాళ్ల గొప్ప.
ఆమె ఎక్కినట్టు లేదు,
కొండే ఆమె కాళ్ల కిందికి దిగినట్టుంది.
ఆమె మడమలు విసిరిన బురద
నా పళ్ల మధ్య.
ఆ రుచి నాలుగేళ్లు పోలేదు.

నాలుగేళ్లలో ఆమెకి ఏడు జాతీయ టైటిళ్లు.
నాకు రెండు రెండో స్థానాలు, ఒక ఐదు,
ఒకసారి ఐసు తొట్టిలో కూర్చుని ఏడుపు.
మైకు మనిషి నా ఇంటిపేరు, పాషెక్,
ప్రతిసారీ కొత్తగా తప్పు పలికేవాడు.
మా కోచ్ డార్సీ విట్లాక్ అనేది:
"వెనక్కి చూడకు.
చూసిన ప్రతిసారీ అర సెకను దానం చేసినట్టే."
చూడలేదు.
చూడ్డానికి ముందే చాలా ఉంది నాకు.

తర్వాత డబ్బు పరుగులు.
ఆమెకి ఒక కంపెనీ, గాలి పలచగా ఉండే ఎత్తులో ఇల్లు,
రక్తం పరీక్షకని తెల్లారి అయిదింటికి తలుపు తట్టే మనుషులు.
నాకు బేకరీలో పొద్దుటి పని,
సగం ధరకి పోయినేటి బూట్లు.
పదివేల మీటర్లంటే ఇరవై అయిదు చుట్లు,
ఎక్కడికీ వెళ్లని ఆరు మైళ్లు.
గానుగెద్దుకైనా చివర్న నూనె కనిపిస్తుంది.

రెండేళ్లు ఆ వీపు లేదు.
పాదంలో వెంట్రుకవాసి పగులు,
ఆపైన కూతురు.
కంపెనీ ఆమె జీతం ఎంతకి కోసిందో పేపర్లో చదివాను,
పిండి చేతుల్తో, నిలబడే.
అప్పుడే నేను గెలిచాను, ఒక్కసారి, శాక్రమెంటోలో.
ముందు ఎవరూ లేరు.
తెల్ల గీతలు, గాలి, నా నీడ.
ఎంత వేగంగా పోవాలో తెలీలేదు.
దారి అడుగుదామంటే
మనిషి లేని ఊరిలా ఉంది.

తిరిగొచ్చింది. జూన్, రాత్రి తొమ్మిదిన్నర.
ఇద్దరికీ ముప్పై మూడు.
చొక్కా వెనక ఏ కంపెనీ గుర్తూ లేదు,
పీకేసిన చోట కుట్ల వరస మాత్రం.
పద్దెనిమిదో చుట్టు దాకా ఆ కుట్లే లెక్కపెట్టాను.
తర్వాత
కుట్లు దగ్గరయ్యాయి.
పుట్టుమచ్చ దగ్గరయింది.
పక్కన ఆమె ఊపిరి.
ఆ తర్వాత ఏమీ లేదు.

డార్సీ మాట గుర్తుంది. అయినా తిరిగాను.

నోరు తెరిచి ఉంది. గడ్డం మీద చొంగ.
ఒక కన్ను సగం మూసుకుపోయి,
నొప్పి పడుతున్న మామూలు మనిషి ముఖం.
పదిహేనేళ్లూ ఆ వీపుకి అవతల
ఈ ముఖమే పరిగెత్తిందా?
ఎవరూ చెప్పలేదు నాకు.
వీపుకి నొప్పి ఉండదనుకున్నాను.

అర సెకను పోయింది.
కాలేజీ పిల్లలు నన్ను దాటేశారు,
ఒకమ్మాయి జడ కుడివైపుకి ఊగుతోంది.
నేను నాలుగు. ఆమె తొమ్మిది.

అయ్యాక గడ్డిలో పడున్నాం, చెరో పక్క.
బూటు ముడి విప్పుకుంటూ అంది:
"నీ మెడ వెనక చొక్కా లేబుల్ బయటికొచ్చింది.
ఏడు చుట్లూ అదే చూశాను."
చెయ్యి చాపి
లోపలికి తోసింది.