మీటరు చదివేవాడు

ఆఫీసువాళ్ళిచ్చిన కాగితాలు సంచిలో మూడొందలు.
పైన "కరెంటు పొదుపుగా వాడండి" అని,
కింద పళ్ళికిలిస్తున్న బల్బు బొమ్మ.
ఎవరూ చదవరు. బజారులో వాటిలో సంసాలు చుట్టి ఇస్తారు.

అందుకే ఈ చలికాలం నేనే నోరు విప్పాను.
ఇంటింటికీ ఒకటే మాట:
నారిన్ నీళ్ళు తగ్గి
జలాశయంలో పాత వంతెన బయటపడింది.
మా నాన్న గాడిదతో దాటిన వంతెన.
మీరు స్విచ్చి వేసినప్పుడల్లా
దాని రాళ్ళు ఇంకో జానెడు ఆరుతున్నాయి.

బురుల్చా అవ్వ నన్ను బాల్కనీలోకి లాక్కుపోయింది.
గుర్రపు మాంసం, వెన్నముద్ద, ఒక చేప తల
తాడుకి వేలాడుతూ, రాయిలా గడ్డకట్టి.
"బయట ఇంత చలి ఊరికే దొరుకుతుంటే
పెట్టెలో పెట్టుకోడానికి ఇంకాస్త కొనుక్కోనా?"
ఫ్రిజ్ తలుపు తీసి చూపించింది.
లోపల ఉన్ని ఉండలు, రంగుల వారీగా.

పెళ్ళి హాలు జుమగాజీ వినలేదు.
"నాలుగొందల బల్బుల షాండ్లియర్ అది.
పెళ్ళికూతురి ముఖం కనపడొద్దా?"
"ముఖానికి ఒకటి చాలు అన్నా,
మిగతావన్నీ నువ్వు కనపడటానికి."
టీ గిన్నె అంచుదాకా పోశాడు.
మా దగ్గర దానర్థం, తాగేసి బయల్దేరమని.

మా ఇంటి మీటరు నేను చదవకూడదు, రూలు.
తుర్దుబాయ్ వచ్చి చదివి వెళ్ళాడు.
రాత్రి నూరిజా చీటీ నా కంచం పక్కన పెట్టింది:
వీధి మొత్తంలో మాదే ఎక్కువ.

ఇద్దరం కోటులేసుకుని షెడ్డులోకి వెళ్ళాం.
పొద్దున్నే డ్యూటీకి కారు కదలాలని
ఇంజను కింద రాత్రంతా ఎర్రగా కాలుతున్న హీటరు.
పొదుపు గురించి చెప్పి రావడానికి
వేడెక్కుతున్న బండి.
"వంతెన రాళ్ళు ఆరుతున్నాయట కదా" అంది,
నవ్వకుండా.

ఇప్పుడు నడుస్తున్నాను.
రోజుకి పన్నెండిళ్ళు తగ్గాయి, మేనేజరు తిడుతున్నాడు.
కానీ కనుబొమల మీద మంచుతో గుమ్మంలో నిలబడితే
జనం ముందు కూర్చోమంటారు,
తర్వాత వింటారు.

శనివారం పెళ్ళి హాలు ముందు ఆగాను.
అలవాటు కదా, కిటికీలోంచి లెక్కపెట్టాను:
నూట పన్నెండు ఆరిపోయి ఉన్నాయి.
జుమగాజీ చూశాడు, చేత్తో లోపలికి రమ్మన్నాడు.
షాండ్లియర్ మాట ఎత్తలేదు.
గిన్నెలో టీ సగమే పోశాడు.

వంతెన ఇంకా బయటే ఉంది.
కొండల మీద మంచు కరగడానికి
ఇంకా మూడు నెలలు.