నా ముక్క

డిసెంబరు చివర్న
తిరుపతి బైపాస్ రోడ్డు హోటల్లో
ఏసీ చలికి పైట భుజాల నిండా కప్పుకుని
వచ్చే ఏడాది ప్రపంచం ఎట్లా ఉంటుందో విన్నాను.

ముంబై నుంచి వచ్చిన కుర్రాడు
తెర మీద ఖండాలకు రంగులు పూశాడు.
అమెరికా వడ్డీ ఒక మెట్టు దిగుతుందన్నాడు,
చైనా ఇంకా మగతలోనే ఉందన్నాడు,
బంగారం సంగతి వచ్చేసరికి
గొంతు సవరించుకున్నాడు.

నాకు ఉగాది గుర్తొచ్చింది.
రాజు ఎవరు, మంత్రి ఎవరు,
ధరలకు అధిపతి ఎవరు, రసాలకు ఎవరు,
మీ రాశికి ఆదాయం ఐదు, వ్యయం పద్నాలుగు.
పోయినేడు చెప్పింది ఏమైందని
పంతుల్ని ఎవరూ అడగరు.
కుర్రాణ్ణీ అడగలేదు.
భోజనాలు బాగున్నాయి.

ఎనభై నాలుగు పేజీల పుస్తకం ఒళ్లో పెట్టుకుని
చిత్తూరు బస్సెక్కాను.
చంద్రగిరి దాటాక కునుకు పట్టింది.
పూతలపట్టు దగ్గర మెలకువొచ్చి చూస్తే
తాళమేసిన గుజ్జు ఫ్యాక్టరీ గేటు.
జూన్‌లో ఇక్కడే రెండు రాత్రులు
ట్రాక్టర్ల కింద పడుకున్నారు జనం,
పైన కాయ మగ్గిపోతా ఉంటే.
ఎక్కడో సముద్రంలో ఓడలు చుట్టుదారి పట్టాయని
ఇక్కడ బెంగుళూరా కాయ కిలో నాలుగు రూపాయలు.
పుస్తకంలో అది నలభై ఒకటో పేజీ:
సరఫరాలో స్వల్ప అంతరాయం.

మర్నాడు బెల్లం మండీకి పోయాను.
ధనకోటి కాటా దగ్గరే ఉన్నాడు.
ముప్పై ఏళ్లుగా ఇతరుల బెల్లం తూచే మనిషికి
ఆ పేరు ఎవరు పెట్టారో.
మా లెక్కల్లో అతను నెలకు మూడు వేలు.
అచ్చు మీద గోటితో కొట్టి
చప్పుడు విని రకం చెబుతాడు.
ఎక్కువ మోగిందంటే చక్కెర కలిసినట్టేనట.

బస్తా మీద కూర్చుని గుండ్రంగా బొమ్మ గీశాను.
సగానికి కాస్త పైన మన దేశం షేర్లు,
పావు వంతు బాండ్లు,
పది పాళ్లు బంగారం, మిగిలింది పరదేశం.
ఒకటి పడితే ఇంకోటి ఆదుకుంటుందన్నాను.
"చెరుకు ఎండితే శెనక్కాయి, శెనక్కాయి పోతే పాలు.
మా నాయన బొమ్మ గీకుండానే చెప్పినాడు.
అన్నీ ఒకే ఏడు పోతే?"

పోయిన ఏడు ఒకటి నేను చూశాను.
ఆర్నెల్ల ఇంటి ఖర్చు ముందు బ్యాంకులో పెట్టు,
ఆ తర్వాతే ఈ బొమ్మ, అన్నాను.
ఆ మాట పుస్తకంలోది కాదు.

ఈగలు ఖండాల మీద వాలుతున్నాయి.
అతను వేలితో ముక్కలు లెక్కపెట్టాడు.
"సరే మా. ఈ ఓళిగలో
నీ ముక్క యాడుండాది?"

పన్నెండేళ్లలో ఎవరూ అడగలేదు.
ఆ ముక్క గీయాలంటే
పెన్సిలు చాలా సన్నగా చెక్కాలి.
నూటికి రూపాయి లోపే.
కానీ ఏటా,
అతనికి లాభమొచ్చినా రాకపోయినా,
నేను నిద్రపోతున్నా.
ఇరవై ఏళ్లకు ఆ వెంట్రుక ఎంత లావెక్కుతుందో
కాలిక్యులేటర్లో కొట్టి చూపించాను.
ఇంకోసారి కొట్టమన్నాడు.

ఇంకొకటి మాత్రం చెప్పలేదు.
నాలుగేళ్ల కింద అతనికి నేనంటగట్టిన ఫండు.
ఆ ఏడు దాన్ని ఎక్కువ అమ్మినవాళ్లకు
బ్యాంకాక్ టికెట్టు ఇచ్చారు.
అక్కడ పడవలో కూర్చుని మామిడిపండు తిన్నాను.
మన కాయకన్నా చప్పగా ఉంది.

"కాటాకీ కూలి ఉంటాది మా," అన్నాడు,
"కాకుంటే ముల్లు ఇద్దరికీ కనపడాల."
అంతలో చెరుకు రైతు ఎవరో పిలిస్తే లేచాడు.

సంతకం పెట్టలేదు. పెట్టనని అనలేదు.
బొమ్మ మడిచి జేబులో దోపుకుని
నా చేతిలో చిన్న అచ్చొకటి పెట్టాడు.

ఆఫీసు దాకా దాన్ని
గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుని వింటూ పోయాను.
నాకేమీ తెలియలేదు.