చివరి మడి

రాత్రి షిఫ్టుల మంత్రి వచ్చిండు.
వస్తడని ముందుగాల చెప్పినోడు లేడు.
హిద్ద్ గేటు కాడ మూడు కార్లు, లైట్లు ఆర్పుకొని.
ఇంజినీర్ మీర్జా గుండీలు పెట్టుకుంటనే ఉరికొచ్చి
నా చేతిలకెల్లి చాయ్ గ్లాసు గుంజి
బల్ల కింద పెట్టిండు.

ఆ వారమంత ఆకాశంల తెల్ల గీతలు.
నీళ్ల అవుతలి పెద్ద దేశం
ఇవుతలి పెద్ద దేశాన్ని తిడుతుంటే
తిట్లన్ని మా నెత్తి మీదికెల్లే పోయినయి.
రేవుల మూడో పెద్దోని ఓడ, బూడిద రంగుది.
అది మాకు కావలో, గురి చూసెటోనికి ఆనవాలో
క్యాంపుల ఎవలకు తెల్వదు.

మంత్రి బక్క మనిషి. కండ్లు ఎర్రగున్నయి.
విమానాల ముచ్చట అడుగలే,
ఫిరంగుల ముచ్చట అడుగలే.
తెర మీది నీలి పట్టీల దిక్కు వేలు చూపి
"రేపు సముద్రం మీద నూనె తెట్టు కడితే
ఈ ట్యాంకులల్ల నీళ్లు ఎన్ని రోజులకొస్తయి?"

మీర్జా నా దిక్కు చూసిండు.
పదకొండేండ్ల సంది గంటగంటకు
మట్టం చూసి పుస్తకంల ఎక్కిచ్చేది నేను.

చెప్పిన. అరబ్బీల, ఒకటే ముక్క.
ఆ అంకె ఇక్కడ రాయను.
గదంత సల్లవడ్డది.
మంత్రి దాన్ని నోట్లెనే మెల్లగ తిప్పుకున్నడు,
బువ్వల రాయి తగిలినోని లెక్క.

అప్పుడే ఫోను మోగింది. తర్వాత ఇంకోటి.
అద్దం అవుతల నిలవడి మాట్లాడిండు:
ఒకనితోని ఇంటి అల్లుని లెక్క,
ఒకనితోని అప్పు తీసుకున్నోని లెక్క,
మూడో ఫోనుల ఊకొట్టుడే, మాట లేదు.

ఆ తీరు నాకు ఎరుకే.
మాది కాల్వ ఆఖరు మడి.
పైనోళ్లు పారిచ్చుకున్నంక,
వాళ్ల ఎడ్లు తాగినంక,
వాళ్ల లొల్లి తీరినంక మాకు తడి.
ఎగువోని పెండ్లికి మా నాయిన అందరికంటె ముందు పోయేది.
వాని పగోని ఇంట్ల సావుకు గూడ అంతే ముందు.
తూము తిప్పే లష్కర్‌కు యేటేట కోడిపుంజు.
ఇద్దరు గొడ్డండ్లు పట్టుకొని గట్టెక్కిన నాడు
నువ్వు ఎవల దిక్కు అంటే
"నేను నీళ్ల దిక్కు" అన్నడు.
ఊరు పిరికోడన్నది.
నేను గూడ అనుకున్న, పదిహేనేండ్ల పోరన్ని.
మా మడి ఎండింది ఒక్క యేడే.
ఆ యేడు ఆయన ఒకని దిక్కు మాట్లాడిండు.

మా దిక్కు లష్కర్ అంటే తూము కాడి మనిషి.
ఇక్కడ అస్కర్ అంటే ఫౌజు.
ఈ దేశానికి రెండు మాటలు అవసరమా అని
పంపు సప్పుడుల నేను ఒక్కన్నే అనుకున్న.

పోయేముందు ఆగిండు. "నీది ఏ దేశం?"
చెప్పిన.
"పెద్ద దేశం," అన్నడు. కొంచెం ఈర్ష్యతోనే.
"పెద్దగుంటే భయం పలచగ పరుచుకుంటది.
మాకు ఒక్కకాడనే కుప్ప."

పెద్దదే సార్, మా మడే ఆఖరుది, అందామనుకున్న.
మడికి అరబ్బీ మాట దొరకలే.

తెల్లారకముందే ఒకడొచ్చి కాయితం మీద సంతకం వెట్టిచ్చుకున్నడు,
ఆ అంకె ఎవలకు చెప్పనని.
నా వీసా గడువు రెండేండ్లు.
కాయితం మీద గడువు లేదు.
ఓటు లేనోని నెత్తిల
ఒక దేశం ఆయుష్షు పెట్టి పోయిండ్రు.
బల్ల కింది చాయ్ తీసిన. మీగడ కట్టింది. తాగిన.

నాలుగు దాటినంక అజాన్ ఇనొచ్చింది.
రోజు ఈ యాల్లకు మట్టం కొంచెం దిగుతది.
ఊరంత లేసి
చేతులు, మొకం, కాళ్లు కడుక్కుంటది,
ఓడకు, గీతలకు, ఫోన్లకు సంబంధం లేనట్టు.
రెండేళ్ల మందం దిగింది.
రాసుకున్న.